పాలకొండ బోర్డు

కొబ్బరిచెట్టు మా ఇంటి నడుం మీద పడింది.
ఇల్లంటే ఇల్లు కాదు,
డిపో వేలంలో ఇంజిను లేకుండా కొన్న బస్సు.
జాతర నుంచి జాతరకి రంగులరాట్నంతో పాటు
ట్రాక్టరు వెనక లాక్కుపోయే కాపురం.
ఆ రాత్రి కవిటి దాటాక ఓ తోటలో ఆగాం.
గాలి మమ్మల్ని వదిలి ఇంటిని కొట్టింది.

తెల్లారి చూస్తే కప్పు డొప్పలా వంగి
పొయ్యి మీద ఆకాశం.
రాట్నం గుర్రాలు నాలుగు బురదలో బోర్లా.
ఒకదానికి తల లేదు.

నష్టం రాసుకునేవాళ్ళు వచ్చారు.
పెంకుటింటికి ఒక గడి, పూరింటికి ఒక గడి,
పడవకి, వలకి, జీడిచెట్టుకి, పాడిగేదెకి గడులున్నాయి.
"చక్రాలుంటే ఇల్లు కాదమ్మా" అన్నాడు కుర్రాడు, పాపం, మెల్లగా.
"ఇంజిను లేకపోతే బండీ కాదు."
పేరడిగాడు. మా ఆయన చెప్పాడు: పెంటయ్య.
కుర్రాడు నవ్వాపుకున్నాడు.

అతనికేం తెలుసు.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
నాలుగోవాణ్ణి మా అత్త
పెంటకుప్ప మీద పడుకోబెట్టింది.
పక్కింటామె ఏరుకున్నట్టు ఏరుకుని
చేటెడు తవుడుకి తిరిగి అమ్మింది.
ఎవరికీ అక్కర్లేని సరుకని చావుకి చూపించి
దాచుకున్న మనిషి.
పారేసినది కనబడితే ఆ చేతులు ఊరుకోవు.

ఆ సాయంత్రమే గోనెసంచితో బయల్దేరాడు.
పడిన చెట్లకి ఆ వారం ధర లేదు.
"ఒట్టుకుపొండి, తోట కాళీ అయితే సాలు" అన్నాడు ఆసామి.
మొద్దు చీల్చి బస్సుకి కొత్త పక్కటెముకలు వేశాడు.
బళ్ళో కిటికీలు మారుస్తున్నారని విని
పాత రెక్కలు రెండు మోసుకొచ్చాడు,
ఒకదాని మీద సుద్దముక్కతో తొమ్మిదో ఎక్కం, సగం వరకే.
బారువ ఒడ్డున తెగిన వలల తాడు.
ఎవరి గోడౌనుదో, గాలి తెచ్చి పొలంలో పారేసిన రేకు;
దానికి నాలుగు రోజులు కాపలా కాసి
ఎవరూ రాకపోతేనే తీశాడు.
"సొంతదారొస్తే ఊడదీసి ఇచ్చీడమే" అన్నాడు.
వాన చప్పుడైతే ఇప్పటికీ నాకు
ఎవరో వచ్చి రేకు తడుతున్నట్టే ఉంటుంది.

లోకప్పుకి ఫ్లెక్సీ.
ఎవరో నాయకుడి పుట్టినరోజుది, ముప్ఫై అడుగులు.
మొహం గిన్నెల వైపు వచ్చింది, అక్షరాలు పక్క మీదకి.
మా పైడి వెల్లకిలా పడుకుని కూడబలుక్కుంటుంది:
జ, న్మ, ది, న.
"ఈయాల ఎవలిదమ్మా?"
ఏ రోజు పుట్టిందో కాగితం లేని పిల్ల.
"నీదేలే" అన్నాను ఓసారి, విసుగొచ్చి.
అప్పట్నుంచి రోజూ దానిదే.

అన్నీ అతికాయని చెప్పను.
తూర్పు మూల మూడుసార్లు తారు పూసినా కారుతుంది.
గుర్రానికి తల దొరకలేదు.
దాన్ని తలుపుకి అడ్డం పెట్టాం, రాత్రిళ్ళు గొళ్ళెం అదే.

పుష్యమాసంలో శంబర జాతరకి కదిలాం.
ముందు వైపు పాత బోర్డు పీకలేదు, అలాగే ఉంచాడు:
పాలకొండ.
టెక్కలి దాటాక ఓ మలుపులో
కందదుంపల బుట్టతో ముసలామె చెయ్యెత్తింది.
ట్రాక్టరతను ఆపాడు, ఎందుకో.
ఎక్కింది. పొయ్యి చూసింది, దండెం మీద తడిబట్టలు,
పిల్ల, తల లేని గుర్రం.
"ఓలమ్మ, ఇది బస్సేటి, ఇల్లేటి?"
నాకు ఆ కుర్రాడి గళ్ళ కాగితం గుర్తొచ్చి నోరు రాలేదు.
"కూకో మామ్మా" అంది పైడి, "నా పుట్టినరోజు."

దిగేటప్పుడు వద్దన్నా వినకుండా
ఐదు రూపాయల బిళ్ళ నా చేతిలో పెట్టింది, టికెట్టుకని.
మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
గ్యాసుపొయ్యి కిందకి వంగాడు.
ఎప్పట్నుంచో దానికి ఒక కాలు పొట్టి.
ఇప్పుడు గిన్నె ఒరగదు.